బాథిలీ వారి గొంతు

హాతూమాకి కూతురి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆ పిల్లకి ఉల్లిపాయలు మామూలుగా తరగడం రాదు. చేతికి కత్తి ఇస్తే చాలు, చెక్క మీద ‘ధుమ్, తక, ధుధుమ్, తక’ అని దరువు మొదలవుతుంది. దరువు జోరందుకున్న చోట ముక్కలు వెంట్రుకల్లా పడతాయి, నెమ్మదించిన చోట బొటనవేలంత లావున పడతాయి. వేరుశనగ ముద్ద ఎంత కమ్మగా కుదిరినా, ఆ లావు ముక్కలు మాత్రం వెతుక్కుంటూ వెళ్ళి, అందరూ కలిసి తినే గిన్నెలో తండ్రి హారూనా కూర్చున్న వైపే చేరేవి. ఆయన వాటిని వేలితో పక్కకి నెట్టి, ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడం ఆయనకి పెద్దల నుంచి వచ్చిన ఆస్తి. ఇంకే ఆస్తీ రాలేదు కాబట్టి దాన్నే జాగ్రత్తగా కాపాడుకునేవాడు.

ఈ దరువు రోగం ఫెందాకి రేడియోలోంచి అంటుకుంది. పదిహేడేళ్ళ పిల్ల, ఆ ఏడు పెద్ద పరీక్ష రాయవలసిన పిల్ల, పుస్తకం ముందు పెట్టుకుని టేప్‌రికార్డరు పక్కన కూర్చునేది. న్యూయార్కు నుంచి వచ్చిన పాటలు రేడియోలో వేస్తుంటే మీట నొక్కి పట్టుకునేది. వాళ్ళుండే టవరు కింద సైకిళ్ళ గదిలో మొక్రాన్ అనే అల్జీరియా కబీల్ కుర్రాడు ఎక్కడెక్కడో పారేసిన భాగాలన్నీ ఏరుకొచ్చి రెండు రికార్డు ప్లేయర్లు తయారుచేశాడు. సైకిళ్ళ గదిలో సైకిళ్ళు ఎలాగూ మిగల్లేదు కాబట్టి చోటుకి కరువు లేదు. వాడు రికార్డుని వేళ్ళతో ముందుకీ వెనక్కీ గోకేవాడు, ఈ పిల్ల దాని మీద ఇంగ్లీషులో అరిచేది. అది వినే హక్కు మూడో టవరులో అందరికీ ఉంది, ఎందుకంటే ఆ గది గోడలు అట్టముక్కలంత మందం.

ఆ శీతకాలం బెర్లిన్‌లో గోడే కూలింది గానీ, పారిస్ పక్కన గ్లిసిన్ కాలనీ మూడో టవరులో లిఫ్టు మాత్రం కదల్లేదు. హాతూమా రెండు చేతులా సంచులతో పది అంతస్తులు ఎక్కి ఇంట్లోకి వచ్చేసరికి, వంటింట్లో కూతురు గరిట పట్టుకుని గోడతో ఏదో గొడవ పడుతోంది.

“ఏమిటే అది?”

“రాప్, అమ్మా. ఇంగ్లీషు.”

“నీకు ఇంగ్లీషులో వచ్చే మార్కులు నాకు తెలుసు. ఏమంటున్నావు దాంట్లో?”

ఫెందా గరిట దింపింది. “బ్రదర్ అంటున్నా. స్ట్రీట్ అంటున్నా. మిగతాది... సౌండు.”

“అంటే నీకూ తెలీదు.”

“ఎవరికీ తెలీదమ్మా. మొక్రాన్‌కీ తెలీదు. అందుకే అంత బాగుంటుంది.”

హాతూమా సంచులు దింపి, నడుం పట్టుకుని స్టూలు మీద కూలబడింది. “అంటే నన్ను తిట్టినా నాకు తెలిసి చావదు. చూడు తల్లీ, నా వంటింట్లో నిలబడి అరవాలంటే నాకు అర్థమయ్యేలా అరువు. నిన్ను తన్నాలా వద్దా అనేది అప్పుడు ఆలోచిస్తాను.”

“ఫ్రెంచిలోనా? నవ్విపోతారు. అది బడి భాషమ్మా. టీచర్లు మమ్మల్ని తిట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.”

“తిట్టడానికి పనికొస్తుందిగా, ఇంకేం కావాలి? లిఫ్టుతో మొదలుపెట్టు.”

హాతూమా ఆ మాట ఒళ్ళు నొప్పులతో అంది. కళాపోషణ చేద్దామన్న ఉద్దేశం ఆమెకి బొత్తిగా లేదు. కానీ రెండు రోజుల తరవాత సైకిళ్ళ గదిలోంచి మెట్ల మీదుగా పైకి ఎగబాకిన మాటలు ఇవి:

*మా టవరులో దొరగారొకరు, పేరు లిఫ్టు, సెలవు మీద ఉన్నారు*
*తలుపు మీద కాగితం: ‘త్వరలో’ అని ఏటేటా రాస్తున్నారు*
*మా అమ్మ మోకాళ్ళు అడుగుతున్నాయి, త్వరలో అంటే ఏ తారీఖు?*
*బియ్యం బస్తా జవాబడుగుతోంది, మెట్టు మెట్టుకీ ఒక టారీఫు!*

నాలుగో అంతస్తులో మదామ్ కెంకీస్ అని, ఫ్రాన్సు పడమటి తీరం నుంచి వచ్చిన ఒక బ్రెటన్ ముసలావిడ ఉండేది. ఆ టవరులోకి వచ్చిన నాటి నుంచి హాతూమాకి ఒక్క నమస్కారమైనా పెట్టి ఎరగదు. ఆవిడ ఇంటి తలుపు తెరుచుకుంది. చెంచా చేత్తో పట్టుకుని మెట్ల మీద నుంచి కిందకి వంగి, “అమ్మాయ్! మోకాళ్ళ ముక్క మళ్ళీ చెప్పు!” అని కేకేసింది. ఫెందా మళ్ళీ చెప్పింది. ఆరో అంతస్తులో ఎవరో పళ్ళెం మీద దరువు అందుకున్నారు. లిఫ్టు బాగుపడలేదు గానీ, మర్నాటి నుంచి మదామ్ కెంకీస్ హాతూమాని చూసి తల ఊపడం మొదలుపెట్టింది. సంచి ఒకటి అందుకుని నాలుగో అంతస్తు దాకా మోసింది కూడా. ఫ్రెంచి భాషకి ఇంత శక్తి ఉందని హాతూమాకి అంతవరకూ తెలీదు.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఇంగ్లీషులో అరిచినన్నాళ్ళూ అది చప్పుడు. ఫ్రెంచిలోకి దిగేసరికి అది మాట అయింది. మాట అన్నాక నలుగురి నోళ్ళలో పడుతుంది, కాళ్ళొచ్చి రైలెక్కుతుంది, తమ దేశం వాళ్ళుండే కార్మికుల హాస్టలు దాకా వెళ్ళి టీ కెటిల్ పక్కన కూర్చుంటుంది. పైగా వచ్చే నెల మొదటి ఆదివారం యువజన కేంద్రంలో కాలనీల కుర్రాళ్ళందరి రాప్ సభ ఉందనీ, పేటల రేడియో దాన్ని అక్కడి నుంచే వినిపిస్తుందనీ, ఫెందా పేరు కూడా గోడ కాగితం మీద ఉందనీ తెలిసింది. హాస్టలులో ఎవరో హారూనాతో అననే అన్నారు: “ఏం బాథిలీ, మీ ఇంట్లో గ్రియో పుట్టిందట కదా? మంచిదే, మా వాడి పెళ్ళికి పిలుస్తాం.”

హారూనా ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

సెనెగల్ నది ఒడ్డున వాళ్ళ ఊళ్ళో బాథిలీలు ఒకప్పుడు రాజ్యం ఏలినవాళ్ళు. బాథిలీలు పాడరు, వాళ్ళ గురించి పాడతారు. పెద్దిళ్ళవాళ్ళని పొగిడి పాడి, ఇచ్చింది పుచ్చుకునే పని గ్రియోల వంశాలది. అంతేకాదు, పెద్దింటివాడు నలుగురిలో గొంతెత్తడు. చెప్పదలచుకున్నది పక్కనున్న గ్రియో చెవిలో గొణుగుతాడు, గ్రియో దాన్ని ఊరంతటికీ వినిపిస్తాడు. ఎంత మెల్లగా గొణిగితే అంత పెద్దింటివాడన్నమాట. ఆ లెక్కన హారూనాని మించిన పెద్దింటివాడు ఫ్రాన్సు దేశంలో లేడు. కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించే వరసలో నిలబడతాడు, అక్కడా గొణుగుతాడు.

ఒకసారి లిఫ్టు గురించే మేయరాఫీసుకి వెళ్ళినప్పుడు హాతూమా కూడా పక్కన ఉంది. కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి, “గట్టిగా చెప్పండి సార్, వినపడట్లేదు” అంది. ఆయన మళ్ళీ అంతే మెల్లగా చెప్పాడు. “గట్టిగా, సార్” అంది ఆ అమ్మాయి. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆయన టోపీ సర్దుకుని ఇంటికొచ్చేశాడు. గట్టిగా చెప్పిపెట్టే మనిషి ఆ రోజు పక్కన లేడు. ఆ సంగతి హాతూమా ఎవరితోనూ అనలేదు, మర్చిపోనూ లేదు. కూతురు మెట్ల కింద గొంతెత్తి ‘త్వరలో అంటే ఏ తారీఖు?’ అన్నప్పుడు ఆమెకి ముందు గుర్తొచ్చింది ఆ కిటికీయే.

సభకి వారం ముందు ఆదివారం సుమానో వచ్చాడు. బాథిలీల గ్రియో ఆయన. ఓపిక ఉన్నన్నాళ్ళూ పారిస్ వీధులు ఊడ్చి రిటైరయ్యాడు. ఆదివారం పూట బాథిలీల తాతముత్తాతల పేర్లు చెప్పి భోంచేసే ఉద్యోగంలో మాత్రం ఇంకా ఉన్నాడు. దానికి రిటైర్మెంటు లేదు. నలుగురూ గిన్నె చుట్టూ కూర్చున్నారు. హారూనా పక్కకి ఒరిగి ముసలాయన చెవిలో ఏదో గొణిగాడు. సుమానో నడుం నిటారుగా చేసి, గొంతు సవరించి, పది అంతస్తులకీ సరిపడా ఎత్తున అందుకున్నాడు.

“వినండి! జిబ్రిల్ కొడుకు హారూనా బాథిలీ అంటున్నారు: ఈ ఇంటి ఆడపిల్ల—”

“తాతా, నేనిక్కడే ఉన్నా,” అంది ఫెందా. “నాన్న అన్నది నాకు వినపడింది.”

“వినపడినా వినపడనట్టే ఉండాలమ్మా. నేను చెప్పాకే వినపడాలి. లేకపోతే నన్ను ఇంత దూరం ఎందుకు రప్పించినట్టు?” అని, మళ్ళీ ఎత్తుకున్నాడు. “ఈ ఇంటి ఆడపిల్ల గ్రియోల నోటి దగ్గర కూడు లాక్కుంటోందట! సింహాలు పుట్టిన ఇంట్లో కాకి కూసిందని బాథిలీ వారి గుండె ముక్కలు ముక్కలై—”

“కాకి అనలేదు,” గొణిగాడు హారూనా.

“కాకి అనలేదట!” అదే గొంతుతో ప్రకటించాడు సుమానో. “నేను కలిపాను. సరే, ఇప్పుడు నా పని నన్ను చెయ్యనివ్వండి. ఏమ్మా, ఎవర్ని పొగిడావు నువ్వు?”

“ఎవర్నీ లేదు తాతా.”

“ఏ పెళ్ళిలో?”

“సైకిళ్ళ గదిలో.”

“చేతిలో ఏమైనా పెట్టారా?”

“మొక్రాన్ సగం శాండ్‌విచ్ ఇచ్చాడు. అదీ వాడు కొరికిందే.”

“మరి ఎవరి గురించి చెప్తున్నావు అంతంతసేపు?”

“నా గురించి.”

ముద్ద పట్టుకున్న సుమానో చెయ్యి నోటికి ఇవతలే ఆగిపోయింది. “నీ గురించి నువ్వే?”

“రాప్‌లో అందరూ అంతే తాతా. నా అంత మొనగత్తె లేదని చెప్పుకోవాలి. ఎంత గట్టిగా చెప్పుకుంటే అంత గొప్ప.”

“సిగ్గెయ్యదూ?”

“సిగ్గేస్తే ఓడిపోయినట్టే.”

“ఏదీ, చెప్పు చూద్దాం.”

ఫెందా తండ్రి వైపు చూసింది. ఆయన గిన్నె వైపు చూస్తున్నాడు. హాతూమా కూతురి మోకాలి మీద మెల్లగా గిల్లింది. పిల్ల గిన్నె అంచు మీద వేళ్ళతో దరువు వేస్తూ మొదలుపెట్టింది:

*పేరు ఫెందా, ఇంటిపేరు బాథిలీ, వినపడిందా వెనక వరసకి?*
*పదో అంతస్తు నుంచి దిగొచ్చా, దారిమ్మని చెప్పు అలసటకి*
*నన్ను పొగిడే మనుషులు లేరు, తీరిక లేదిక్కడ ఎవరికీ*
*నా పొగడ్త నేనే వండుకున్నా, వడ్డిస్తున్నా అందరికీ!*

సుమానో ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. ఆ తరవాత తల అడ్డంగా ఊపాడు.

“బాథిలీ, ఇది మా పని కాదు. మా నాన్న బతికినన్నాళ్ళూ పాడాడు, తన గురించి ఒక్క ముక్క అనుకోలేదు. తనను తాను పొగుడుకున్న గ్రియో నాకు ఈ దేశంలోనూ తగల్లేదు, ఆ దేశంలోనూ తగల్లేదు. అది మీ పని. యుద్ధానికి వెళ్ళే ముందు మీ ముత్తాతలు నేను ఫలానా, నా ముందు నిలిచేవాడెవడు అని గుర్రం మీద లేచి నిలబడి అరిచేవాళ్ళు. మేం వెనక్కి తప్పుకునేవాళ్ళం. ఈ పిల్ల చేస్తున్నది అదే. గుర్రం ఒక్కటే తక్కువ.”

హాతూమా తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు పట్టింది.

“కాకపోతే ఒక లోపం ఉంది,” అన్నాడు సుమానో. “నువ్వు మాట అన్నాక అందుకునేదెవరు?”

“ఎవరూ లేరు. మొక్రాన్ రికార్డు గోకుతాడు.”

“గోకితే చాలదమ్మా. మాట అన్నాక ‘నామూ’ అనే మనిషి ఉండాలి. విన్నాను, నిజమే, ఇంకా చెప్పు అని. లేకపోతే మాట కింద పడిపోతుంది. నేను అరిస్తే మా తమ్ముడు నామూ అనేవాడు, వాడు అరిస్తే నేననేవాణ్ణి.”

ఇంత జరిగాక హారూనాకి దారి లేదు. తీర్పు చెప్పమని తెచ్చుకున్న మనిషే అటు తిరిగాడు. ఆయన కాసేపు చేతులు కడుక్కున్నాడు, అవసరం కన్నా ఎక్కువసేపే కడుక్కున్నాడు. తరవాత ఒరిగి, సుమానో చెవిలో రెండు మాటలు అన్నాడు. ముసలాయన మొహం చిన్నబోయింది. ఈసారి గొంతు కూడా పెద్దగా లేవలేదు.

“బాథిలీ అంటున్నారు: ఎవరి పనైనా సరే, వెళ్ళకూడదు. ఇంటి పరువు రేడియోలో పెట్టరట.”

ఫెందా లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ వారమంతా వంటింట్లో ఉల్లిపాయలు ఒకే సైజులో పడ్డాయి. బడిపిల్ల గీతలు గీసినట్టు, చక్కగా, ఏ చప్పుడూ లేకుండా. కూర రుచి ఏమీ పెరగలేదు. హాతూమా చెక్క ముందు నిలబడి ఆ ముక్కల్ని చూసింది. మేయరాఫీసు కిటికీ ముందు రేపు ఈ పిల్ల కూడా నిలబడి, టోపీ సర్దుకున్నట్టు తలగుడ్డ సర్దుకుని ఇంటికొచ్చేస్తే? ఆ ఆలోచన ఆమెకి ఏ కోశానా నచ్చలేదు.

సభ నాడు మధ్యాహ్నం ఆమె కోటు తొడుక్కుని, టీవీ ముందు కూర్చున్న భర్త ఎదురుగా నిలబడింది. పెళ్ళైన నాటి నుంచి ఆయనకీ టీవీకీ మధ్య నిలబడింది అదే మొదలు.

“ఏమండీ, మీరు వద్దన్నారు. విన్నాను.”

ఆయన తల ఊపాడు.

“నేను తీసుకెళ్తున్నాను. అది మీరూ వినండి.”

హారూనా నోరు తెరిచాడు. పక్కన చెవి ఏదీ లేకపోయేసరికి మూసేశాడు.

“సుమానో బస్టాపు దగ్గర ఉంటానన్నాడు,” అని, జవాబు కోసం నిలబడకుండా హాతూమా కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నాలుగో అంతస్తు దగ్గర మదామ్ కెంకీస్ కోటు వేసుకుని, హ్యాండ్‌బ్యాగు పట్టుకుని సిద్ధంగా ఉంది. “నన్ను వదిలేసి వెళ్దామనే?” అంది.

యువజన కేంద్రం హాలు నిండా కుర్రాళ్ళు. అందరూ ఒకే కొలత మీద కొన్నట్టు రెండు సైజులు పెద్ద బట్టలు వేసుకున్నారు. చేతులు కట్టుకుని, గడ్డాలు పైకెత్తి నిలబడ్డారు. ఏదీ తమకి నచ్చదని ముందే నిర్ణయించుకొచ్చారు. ఒక మూల రేడియో వాళ్ళ బల్ల, దాని నిండా తీగలు. వేదిక మీదకి వచ్చినవాళ్ళంతా ఇంగ్లీషులోనే అరిచారు. హాతూమాకి బ్రదర్ అన్న మాట ఒకటి అందింది, స్ట్రీట్ ఒకటి అందింది. మిగతాది సౌండేనని ఆమెకి ఇప్పుడు తెలుసు కాబట్టి ఏ బెంగా లేకుండా వింది.

ఫెందా పేరు పిలిచారు. పిల్ల వేదికెక్కింది. మొక్రాన్ రికార్డుల వెనక నిలబడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. ముందు వరసలోంచి ఒకడు, “ఏంటక్కా, స్టవ్వు కట్టేసి వచ్చావా?” అన్నాడు. నవ్వులు. దరువు మొదలైంది. ఫెందా మొదటి పాదం ఫ్రెంచిలో అంది.

“ఇంగ్లీషు! ఇంగ్లీషు!” అని ఎవరో అరిచారు. “బడికెళ్ళి అప్పచెప్పుకో!” అని ఇంకొకడు.

రెండో పాదం అంది. హాలు కట్టుకున్న చేతులు విప్పలేదు. మాట వెళ్ళి ఆ చేతులకి కొట్టుకుని కింద పడింది. పాదం చివరికొచ్చేసరికి పిల్ల గొంతు సన్నబడటం హాతూమాకి తెలిసింది. ఆమె తన సంచి పట్టీని మెలితిప్పుతూ కూర్చుంది. ఇంత దూరం తీసుకొచ్చింది తనే. ఈ పిల్ల ఇవాళ ఇక్కడ నోరు మూసుకుంటే మళ్ళీ తెరవదు.

పక్కన సుమానో కూర్చున్న కుర్చీ కిర్రుమంది. ముసలాయన మొహంలో ఎవరో గ్లాసు జారవిడుస్తుంటే చూసేవాడి బాధ ఉంది. మాట కింద పడటం ఆయన జన్మలో చూడలేడు. ఎక్కడున్నాడో, ఎవరి మధ్య ఉన్నాడో మరిచిపోయి, మైకులు లేని పెళ్ళిళ్ళలో నదికి అవతలి ఒడ్డు దాకా పాకిన ఆ గొంతుతో అరిచాడు.

“నామూ!”

హాలంతా వెనక్కి తిరిగింది. పొడుగు అంగీలో, ఊలు టోపీలో, చేతికర్ర మీద ఆనుకున్న ముసలాయన. కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఫెందా మాత్రం నవ్వలేదు. కళ్ళు తిప్పి ఆయన్ని చూసింది, ఊపిరి పీల్చుకుంది. తరవాతి పాదం సూటిగా ఆయన వైపు విసిరింది.

*నన్ను పొగిడే మనుషులు లేరు, తీరిక లేదిక్కడ ఎవరికీ!*

“నామూ!”

*నా పొగడ్త నేనే వండుకున్నా, వడ్డిస్తున్నా అందరికీ!*

“నామూ!” ఈసారి మదామ్ కెంకీస్ కూడా అంది. ఆ మాటకి అర్థం ఆవిడకి తెలియదు. తెలిసి ఉంటే ఇంకా గట్టిగా అనేదేమో.

మొక్రాన్‌కి ఏం తోచిందో, ప్రతి పాదం చివరా దరువు ఆపి ఖాళీ వదలడం మొదలుపెట్టాడు. ఖాళీ కనిపిస్తే నింపకుండా ఉండలేని వయసు వాళ్ళది. లిఫ్టు దొరగారి దగ్గరకి వచ్చేసరికి ముందు వరసలో ఒకడు నామూ అన్నాడు. ‘త్వరలో అంటే ఏ తారీఖు?’ దగ్గర సగం హాలు అంది. ప్రతి కాలనీలోనూ ఒక లిఫ్టు ఉంది, దాని మీద ఒక కాగితం ఉంది. స్టవ్వు గురించి అడిగిన కుర్రాడు చేతులు విప్పి నెత్తిన పెట్టుకుని, “అయ్య బాబోయ్, మా టవరు గురించే చెప్తోంది!” అని పక్కవాణ్ణి కుదుపుతున్నాడు. ఇంగ్లీషు కావాలన్న మనిషి ఎక్కడున్నాడో మరి కనబడలేదు.

హాతూమా ఎందుకో తలుపు వైపు చూసింది. కోట్లు తగిలించే చోట హారూనా నిలబడి ఉన్నాడు. ఫ్యాక్టరీకి వేసుకెళ్ళే పాత కోటు కింద నుంచి, పండగలకి తప్ప పెట్టె దాటని నీలం పట్టు బూబూ అంగీ చీలమండల దాకా దిగి ఉంది. కూతుర్ని ఈడ్చుకుపోవడానికి వచ్చిన మనిషి పండగ బట్టలు కట్టుకోడు. హాతూమా మళ్ళీ వేదిక వైపు తిరిగి, చూడనట్టే కూర్చుంది.

ఫెందా కూడా చూసింది కాబోలు. చెయ్యి పైకెత్తింది. మొక్రాన్ దరువు నెమ్మది చేశాడు. ఆదివారాల్లో గిన్నె పక్కన వినీ వినీ నోటికొచ్చిన పేర్లు అప్పుడు బయటికొచ్చాయి.

*నేను హారూనా కూతుర్ని, హారూనా జిబ్రిల్ కొడుకు!*

“నామూ!” హాలంతా.

*జిబ్రిల్ నది దాటించాడు ఊరిని, వరదొచ్చిన రోజు ఒడ్డుకు!*

“నామూ!”

*తెల్లారక ముందే లేచి కార్లకి తలుపులు బిగించేది మా నాన్న!*

“నామూ!”

*ఆ కార్లన్నీ ఊరేగుతుంటే బస్సు కోసం నిలబడేది మా నాన్న!*

తండ్రి పేరూ తాత పేరూ నలుగురిలో గొంతెత్తి చెప్తే బాథిలీ అన్నవాడు కూర్చుని ఉండకూడదు, నిలబడి ఉండకూడదు, నడవాలి. నడిచి, పాడినవాళ్ళ నుదుటి మీద నోటు పెట్టాలి. అది ఆలోచించి చేసేది కాదు, తుమ్ములాంటిది. హారూనా కాళ్ళు కదిలాయి. చెయ్యి జేబులోకి వెళ్ళింది. కోటు తెరుచుకుని నీలం బూబూ వెలుగులోకి వచ్చింది. కుర్రాళ్ళు రెండు పక్కలకీ తప్పుకుని దారిచ్చారు. ఆయన తల ఎత్తి, కళ్ళ నిండా నీళ్ళతో, చేతిలో నోటుతో వేదిక దాకా వెళ్ళి, చెయ్యి చాపి, అప్పుడు ఆగాడు.

హాతూమాకీ అదే క్షణంలో తట్టింది. నోటు నుదుటి మీద పడిందా, కూతురు గ్రియో అయినట్టే. ఏది కాకూడదని ఇన్నాళ్ళూ అన్నం మానుకున్నాడో, దాన్ని ఆ మనిషి తన చేత్తోనే రేడియో సాక్షిగా చెయ్యబోతున్నాడు.

దరువు ఆగింది. చాపిన చెయ్యి గాల్లోనే ఉంది. వెనక్కి తీసుకోలేడు, ముందుకి పెట్టలేడు. హాలంతా చూస్తోంది. ఫెందా కూడా కదలకుండా చూస్తోంది.

సుమానో కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. హారూనా మొహంలోకి ప్రాణం వచ్చింది. ఆ నోటు ముసలాయన చేతిలో పెట్టాడు. నామూ అన్న మనిషికి న్యాయంగా చెందవలసిందే అది. సుమానో దాన్ని మడిచి అంగీ లోపల దాచుకున్నాడు. అప్పుడు హారూనా ఒరిగి, ఆయన చెవిలో గొణిగాడు. చాలాసేపు గొణిగాడు. హాతూమా అప్పటికే లేచి వేదిక పక్కకి వచ్చేసింది, అయినా ఒక్క ముక్క వినపడలేదు.

సుమానో మాత్రం విని, తల అడ్డంగా ఊపాడు.

“కుదరదు బాథిలీ.”

“అదేమిటి? నీ పనే కదా?”

“మీ గొప్పతనం చెప్పమనండి, తెల్లారేదాకా చెప్తాను. ఇది నాకు బరువు. మీ అమ్మాయి తన మాట తనే ఎత్తుకుంది, నన్ను పిలవలేదు. మీ మాట మీరే ఎత్తుకోండి.”

“డబ్బు తీసుకున్నావు కదయ్యా!”

“అది నామూలకి.”

ఫెందా వంగి మైకు కిందకి అందించింది. హారూనా దాన్ని, ఫ్యాక్టరీలో కొత్త పనిముట్టు ఇస్తే పట్టుకున్నట్టు, అటూ ఇటూ తిప్పి చూశాడు. నోటి దగ్గర పెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. ఏమీ వినపడలేదు.

“గట్టిగా, అంకుల్!” అన్నాడు మొక్రాన్.

ఆయన చెయ్యి టోపీ మీదకి వెళ్ళింది. కానీ సర్దుకోలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మళ్ళీ మైకు ఎత్తినప్పుడు వచ్చిన గొంతు, ఇరవై ఏళ్ళు కాపురం చేసిన హాతూమా కూడా ఎన్నడూ వినని గొంతు. లావుగా, కొంచెం బొంగురుగా, ఏళ్ళ తరబడి మూసి ఉంచిన గది తలుపు తీసినట్టుగా ఉంది.

“నేను హారూనా బాథిలీని. మా అమ్మాయి నలుగురిలో గొంతెత్తితే ఇంటి పరువు పోతుందన్నాను. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళు బతికాను, మా నాన్న పేరు ఎవరూ పలకలేదు. ఇవాళ మీరందరూ విన్నారు. వెళ్ళొద్దని దానికి చెప్పింది నేను. తప్పు నాది.”